ఊదని ఊపిరి

ఆ ఏడు మా ఆయన దగ్గు వానలతో మొదలై, వానలు వెనకబట్టినా తగ్గలేదు. పొద్దున్నే బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో దగ్గేవాడు. నాకు వినబడకూడదని. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు ఎక్కడ దాక్కుని దగ్గుతాడో పెళ్ళానికి తెలియకుండా ఉంటుందా? నీళ్ళు వృథా అవుతున్నాయని అరిచేదాన్ని గానీ దగ్గు సంగతి ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే పడిశం అనేసి, చొక్కా తొడుక్కుని కంపెనీ బస్సుకు వెళ్ళిపోయేవాడు.

బొల్లారం వైపు మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆయన సాల్వెంట్ బ్లాకులో పనిచేసేవాడు. మేడంత ఎత్తు రియాక్టర్లు, వాటిలోకి డ్రమ్ములకొద్దీ పోసే ఘాటు ద్రావకాలు. ఇంటికి వచ్చి స్నానం చేసినా మెడ దగ్గర ఆ వాసన పోయేది కాదు. నేనూ అదే ఫ్యాక్టరీలో, ఆఫీసు మేడ మీద కంప్యూటర్ గదిలో. ఆ బ్లాకులో ఏళ్ళ తరబడి ఉండి, ఛాతీ పాడై మానేసిన ఒకరిద్దరు నాకు తెలుసు. మా ఆయన ఛాతీ బాగుందా, పాడైందా? ఆ ఒక్క సంగతి తెలియక నేను లోలోపల నలిగిపోయాను. సంగారెడ్డి పెద్దాసుపత్రికి పోదాం రమ్మంటే సెలవు లేదనేవాడు. సెలవున్న రోజు నిద్రపోయేవాడు.

మాది ముత్తంగి అవతల ఊరు. మా అమ్మా నాన్నా ఒకరి చేలల్లో కూలికి వెళ్ళిన మనుషులు. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు, గోదాములు వచ్చాక మా ఇళ్ళలో ఆడా మగా అందరం ఏదో ఒక గేటు లోపల తేలాం. నేను సంగారెడ్డిలో డిగ్రీ చదివి, పటాన్‌చెరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో టైపింగు నేర్చుకుని, ఫ్యాక్టరీలో అంకెలు కొట్టే పనికి చేరాను. అప్పట్లో ఆ గదిని నడిపే పెద్దాయన నాకు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్పాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. ఆయన రాసిన ప్రోగ్రాములు మాత్రం ఇంకా ఉద్యోగం చేస్తున్నాయి. వాటి భాష తెలిసినదాన్ని ఆఫీసులో నేనొక్కదాన్నే మిగిలాను. గొప్పకు చెప్పడం లేదు. సెలవు చీటీ పట్టుకుని మా మేనేజరు ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది ఆ గొప్పేమిటో.

ఏటా దసరాకు ముందు క్యాంటీనులో బల్లలు పక్కకు జరిపి అందరికీ ఆరోగ్య పరీక్షలు చేస్తారు. బయటి నుంచి క్యాంపువాళ్ళు వస్తారు. ముందు రక్తం తీస్తారు. తర్వాత ఒక చిన్న యంత్రానికి తగిలించిన గొట్టం నోట్లో పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదమంటారు. ఎంత ఊపిరి ఉందో యంత్రం అంకె చూపిస్తుంది. క్యాంపువాళ్ళు అంకెలన్నీ ఒక ఫైలుగా పంపితే, దాన్ని ఎక్కించి ప్రోగ్రాము నడపడం నా పని.

నిజానికి అవి రెండు ప్రోగ్రాములు. మొదటిది ఒక్కొక్క మనిషి వివరాలు చదివి, రెండోదాన్ని పిలుస్తుంది. పిలుస్తూ మూడు విలువలు అందిస్తుంది: మనిషి టోకెన్ నంబరు, రక్తం అంకె, ఊపిరి అంకె. రెండోది వాటిని తూచి ఒక మాట చెబుతుంది. ‘బ్లాకులో ఉండవచ్చు’ అనొచ్చు, ‘బ్లాకు నుంచి మార్చాలి’ అనొచ్చు, ‘పరీక్ష పూర్తి కాలేదు’ అనైనా అనొచ్చు. మేం దాన్ని తీర్పు ప్రోగ్రాము అనేవాళ్ళం. దాని మాట చూసే డాక్టరు సంతకం పెడతాడు. మార్చాలి అని వస్తే పర్మినెంటు వాళ్ళను బయట డ్రమ్ములు పెట్టే యార్డుకు పంపుతారు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళను కాంట్రాక్టరు మళ్ళీ పిలవడు. అందుకే జనానికి సూది కన్నా ఆ గొట్టమంటేనే హడలు.

నాకు మాత్రం ఆ ఏడు ఆశంతా గొట్టం మీదే. ఆసుపత్రికి రాని మనిషికి క్యాంటీనుకు వెళ్ళక తప్పదు కదా. ఊదితే తెలిసిపోతుంది. బాగుంటే నా మనసు కుదుటపడుతుంది, బాగాలేకపోతే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోతాను. ఇలా లెక్కలు వేసుకుంటూ క్యాంపు ఎప్పుడు పెడతారా అని ఎదురుచూశాను.

సరిగ్గా అప్పుడే మా ఆయన భవానీ మాల వేసుకున్నాడు. బ్లాకులో ఆయనతో పనిచేసే పక్క ఊరి మనిషి ఒకడున్నాడు. ఆయన్ను అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు, నాకు మరిది వరస అయిపోయాడు. ఆ మరిది ఏటా మాల వేస్తాడు. ఈసారి మా ఆయన కూడా అతనితో ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్ళి, దుర్గా భవాని గుళ్ళో మాల వేయించుకుని ఎర్ర బట్టలతో ఇంటికి వచ్చాడు. నేను నోరు తెరిచాను. మేం బోనం ఎత్తుకుని ముందు నడుస్తుంటే వెనక ఫోను చూసుకుంటూ వచ్చే రకం ఆయన. అయినా మంచిదేలే అనుకున్నాను.

మాల అంటే పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. ఆ దగ్గుకు చన్నీళ్ళేమిటని నా ఏడుపు. పెళ్ళాన్నైనా ఆ రోజుల్లో ఆయన్ను భవానీ అనే పిలవాలి. గోరువెచ్చగా పెట్టిస్తాను భవానీ అంటే తల అడ్డంగా ఊపేవాడు. ఫ్యాక్టరీలో ఒట్టి కాళ్ళతో తిరగనివ్వరు కాబట్టి గేటు దగ్గర అమ్మవారికి ఒక దండం పెట్టి, తప్పు కాయమని చెప్పి బూట్లు తొడుక్కునేవాడు. నీలం యూనిఫారం లోంచి ఎర్ర కాలరు కనబడుతూ ఉండేది.

క్యాంపు అయింది. ఫైలు వచ్చింది. ప్రోగ్రాము నడిపి, అందరికన్నా ముందు ఆయన టోకెన్ వెతికాను. ‘బ్లాకులో ఉండవచ్చు.’ నాకు ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి చెబితే ఆయన నమ్మలేనట్టు చూశాడు. నిజంగానా అని రెండుసార్లు అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. దగ్గు తగ్గలేదు కానీ, కంప్యూటరు చెప్పాక అది పడిశమేనని నేనూ అనడం మొదలుపెట్టాను. హాయిగా నిద్రపోయాను కూడా.

దసరా అయ్యి, మాలలు తీసేశాక ఒకరోజు మరిది మా గది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం వాడిపోయింది. అతని ఫలితం ‘బ్లాకు నుంచి మార్చాలి’ అని వచ్చింది. అతను కాంట్రాక్టు మనిషి. వచ్చే వారం నుంచి రావద్దని కాంట్రాక్టరు అప్పుడే చెప్పేశాడట. నా చేతిలో ఏముంది, డాక్టరును అడగమని జాలిగా చెప్పాను. అతను కదల్లేదు.

“నేను ఊదనే లేదు వదినా,” అన్నాడు. “ఊదనోనికి ఊపిరి లేదని ఎట్ల రాస్తరు?”

అడిగితే అప్పుడు వివరంగా చెప్పాడు. మాలలో ఉన్నవాళ్ళు ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకునేది లేదన్నారు. క్యాంపువాళ్ళు మనిషికొక కాగితం గొట్టం మారుస్తామని కొత్తవి తీసి చూపించారట. గొట్టం మారిస్తే మాత్రం ఏం, వెనక యంత్రం ఒకటే కదా, అందరి ఊపిరీ దాంట్లోకే పోతుంది కదా, అది ఎంగిలి కాదా అని వీళ్ళు పట్టుబట్టారు. వెనక వరస పెరిగిపోయి గోల అవుతుంటే క్యాంపువాళ్ళు విసిగి, ఊపిరి గడి ఖాళీగా వదిలేసి, రక్తం మాత్రం తీసుకుని పంపేశారు. ఈ వాదన విని నాకు నవ్వు రాబోయింది. మా ఇంట్లోనూ చెంబును పెదవులకు తగలనివ్వకుండా ఎత్తి పోసుకునే తాగుతాం.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. మా ఆయన కూడా మాలలోనే ఉన్నాడు కదా.

అన్న కూడా ఊదలేదా అని అడిగాను. అన్నది వేరే షిఫ్టు, తనకు తెలియదన్నాడు మరిది. అతన్ని సాయంత్రం దాకా ఆగమని పంపేసి ఫైలు తెరిచాను. అతని టోకెన్ ఎదురుగా ఊపిరి గడి ఖాళీ. కిందికి జరుపుతూ వెళ్ళాను. మా ఆయన టోకెన్ ఎదురుగా కూడా ఖాళీయే. ఊదని మనుషులు ఇద్దరు. ఒకరికి ఊపిరి లేదంది, ఒకరికి ఉందంది. ఏం చూసి అంది? ఆయన్ను అడుగుదామంటే సాల్వెంట్ బ్లాకులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే పెట్టి వెళ్ళాలి. షిఫ్టు దిగేదాకా నేను అడగగలిగింది ఆ ప్రోగ్రామునే.

ఒక చిన్న ఆశ పెట్టుకున్నాను. పెద్దాయన జాగ్రత్త మనిషి. గడి ఖాళీగా ఉంటే నిరుటి అంకె తీసుకోమని ఎక్కడైనా రాశాడేమో. అలా అయితే మా ఆయనకు నిరుడు బాగున్న ఊపిరే చూపించి ఉంటుంది. నిరుడు బాగుంటే ఈ ఏడు మరీ అంత పాడవుతుందా? ఇలా నాకు నేను చెప్పుకుంటూ మేనేజరుకు విషయం చెప్పాను. ఆయన గాభరాపడ్డాడు. ఫలితాల మీద సంతకాలు అయిపోయాయి, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

ఎండాకాలంలో మా గదిలోని పాత కంప్యూటరు యంత్రం తీసేసి కొత్తది పెట్టారు. ప్రోగ్రాములను ఇందులోకి మార్చినవాళ్ళు ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదని చెప్పి వెళ్ళారు. పాత ప్రోగ్రాముల ప్రింటు కాగితాలు పక్కన పెట్టుకుని చూశాను. నిజమే, ముట్టుకోలేదు.

కోబాల్‌లో ఒక ప్రోగ్రాము ఇంకొకదానికి విలువ ఇవ్వడమంటే వస్తువు తెచ్చి చేతిలో పెట్టడం కాదు. అది ఉన్న చోటు చెప్పడం. ఫలానా అరలో ఉంది, వెళ్ళి చూసుకో అన్నట్టు. ఆ అరలో ఐదు అంకెలున్నాయని ఇచ్చేది, నాలుగే ఉన్నాయని తీసుకునేది అనుకుంటే అంకె తెగిపోతుంది. చెప్పే వరస, వినే వరస వేరైతే రక్తం అంకె వచ్చి ఊపిరి స్థానంలో కూర్చుంటుంది. ఇన్నేళ్ళలో నాకు తగిలిన చిక్కులన్నీ ఇలాంటివే కాబట్టి ముందు ఇవే చూశాను. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసా సరిపోల్చాను. పొడుగులు సరిపోయాయి, వరస సరిపోయింది, దశాంశం చుక్క ఉండాల్సిన చోటే ఉంది.

ఖాళీ గడి గురించి పెద్దాయన ఆలోచించే రాశాడు. ఊపిరి అంకె లేకపోతే మొదటి ప్రోగ్రాము రెండు విలువలు మాత్రమే చెప్పి తీర్పు ప్రోగ్రామును పిలుస్తుంది. మూడోదాని చోటు తనకు చెప్పారా లేదా అని తీర్పు ప్రోగ్రాము ముందే చూసుకుంటుంది. చెప్పకపోతే ‘పరీక్ష పూర్తి కాలేదు’ అని తిప్పి పంపాలి. నిరుటి అంకె ఊసు ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను, లేదు. నేను పెట్టుకున్న ఆశ అక్కడితో పోయింది.

మరిది ఒక్కడి వివరాలతో చిన్న ఫైలు చేసి నడిపాను. పూర్తి కాలేదు అంది. అదే సరైన జవాబు. అందరి ఫైలుతో నడిపాను. మార్చాలి అంది. మళ్ళీ అతనొక్కడితో నడిపితే పూర్తి కాలేదు. మళ్ళీ అందరితో నడిపితే మార్చాలి. విడిగా అడిగితే నిజం చెప్పి నలుగురిలో అడిగితే మాట మార్చే చుట్టాలను చూశాను గానీ, ప్రోగ్రామును చూడటం అదే మొదటిసారి. మేనేజరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మంచివాడే, కానీ వెనక ఎవరైనా నిలబడితే నాకు చేతులు ఆడవు. టీ తెప్పించండి సార్ అని ఆ వంకతో బయటికి పంపాను.

భోజనాల గంట కొట్టారు. గదిలో మిగతావాళ్ళు డబ్బాలు పట్టుకుని కిందికి దిగారు. నాకు ఆకలి చచ్చిపోయింది. కిటికీలోంచి చూస్తే సాల్వెంట్ బ్లాకు మీద ఆవిరి లేస్తోంది. ఆయన ఆ లోపలే ఎక్కడో ఉన్నాడు. ఈ గంటలో ఆ గాలి ఇంకొంచెం పీల్చి ఉంటాడు అన్న ఆలోచన వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

రెండు ప్రోగ్రాముల్లోనూ తెర మీద మాట్లాడే వాక్యాలు చేర్చాను. మొదటిది తాను ఏం ఇచ్చిందో చెప్పాలి, రెండోది తనకు ఏం అందిందో చెప్పాలి. అందరితో కాకుండా మరిది, వరసలో అతనికి ముందున్న మనిషి, ఈ ఇద్దరితోనే నడిపాను. ముందు మనిషికి మూడు ఇచ్చాను అంది మొదటిది, మూడు అందాయి అంది రెండోది. మరిదికి రెండే ఇచ్చాను అంది మొదటిది. మూడు అందాయి అంది రెండోది. మూడోది ఏమిటా అని చూస్తే ముందు మనిషి ఊపిరి అంకె. అక్షరాలా అదే. ఆ ముందు మనిషి మందు పొడి ఆరబెట్టే డ్రయ్యరు దగ్గర పనిచేసే పెద్ద వయసాయన. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

అప్పుడు అర్థమైంది. కొత్త యంత్రంలో తీర్పు ప్రోగ్రాముకు మతిమరుపు లేదు. మూడోదాని చోటు ఈసారి చెప్పకపోతే, పోయినసారి చెప్పిన చోటునే పట్టుకుని కూర్చుంటోంది. అక్కడ ముందు మనిషి ఊపిరి ఇంకా అలాగే ఉంది. ఒంటరిగా నడిపితే ముందు ఎవరూ లేరు కాబట్టి సరిగ్గా చెబుతోంది. ఎంగిలి వద్దని గొట్టం ముట్టని మనిషికి ప్రోగ్రాము ముందువాడి ఎంగిలే పోసింది.

యంత్రం మార్చినవాళ్ళకు ఫోను చేశాను. ఎత్తినతను ఓపికగా విన్నాడు. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. ప్రోగ్రాములను కొత్త యంత్రానికి తయారుచేసేటప్పుడు అలా పాత చోట్లను గుర్తుపెట్టుకోమనే ఏర్పాటు ఒకటి ఉంటుందట. ఇంకెవరికో అవసరమై పెట్టింది, ఇక్కడా అలాగే ఉండిపోయిందట. సారీ మేడం, ఇప్పుడే తీసేస్తాను అన్నాడు. ఇంకో రోజైతే వాళ్ళను దులిపేసేదాన్ని. ఆ రోజు సరేనని పెట్టేశాను. నాకు ఇంకొక మనిషి ముందు ఎవరున్నారో చూడాలి.

మా ఆయన ముందు వరసలో ఉన్నది ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన ప్యాకింగు అతను. క్యాంటీనులో ఈల వేస్తూ ప్లేటు కడుక్కుంటుంటే చాలాసార్లు చూశాను. నిండా పాతికేళ్ళుండవు. అతని ఊపిరి అంకె ఆ పేజీ మొత్తంలో పెద్దది. ఇన్నాళ్ళూ నేను గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది ఆ పిల్లవాడి ఊపిరిని చూసి. నాకు ఏడుపు వచ్చింది. చున్నీతో కళ్ళు తుడుచుకుని, ఆ ఏర్పాటు తీసేసిన ప్రోగ్రామును అందరితో మళ్ళీ నడిపాను. మాలలో ఉన్నవాళ్ళందరికీ పరీక్ష పూర్తి కాలేదు అని వచ్చింది. మరిదికీ, మా ఆయనకూ.

వాళ్ళ టోకెన్లు ఫ్యాక్టరీ ఆరోగ్య కేంద్రానికి పంపితే, మళ్ళీ పిలిచి ఊదిస్తారన్నాడు మేనేజరు. పంపే ముందు ఒక్క నిమిషం నా చెయ్యి ఆగింది. ఫిర్యాదు చేసింది మరిది ఒక్కడే. మా ఆయన కాగితం మీద సంతకం అయిపోయింది. ఆ బ్లాకులో ఆయన మాటంటే అందరికీ గౌరవం, కొత్తవాళ్ళకు పని నేర్పేది ఆయనే. యార్డులో డ్రమ్ములు లెక్కపెడుతూ నిలబడటం ఆయన తట్టుకోలేడు. ఇదంతా అనుకున్నాను. పొద్దున కుళాయి చప్పుడులో విన్న దగ్గు ఇంకా చెవుల్లోనే ఉంది. అందరివీ పంపేశాను.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఫోనులో వార్తలు చూస్తున్నాడు. నేను రొట్టెలు చేసి, కూర వేసి ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. కోపంగా అడగాలనుకున్నాను గానీ గొంతు అలా రాలేదు.

“ఊదలేదని నాకెందుకు చెప్పలే నువ్వు?”

ఆయన రొట్టె తుంచుతూ ఆగాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

“ఊదితె ఎర్కైతది గదా,” అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వానలప్పటి నుంచే రియాక్టరు మీదికి వెళ్ళే ఇనుప మెట్ల మీద సగంలో ఆగిపోతున్నాడట. ఎవరైనా చూస్తే బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగేవాడట. మాలలో ఉన్నవాళ్ళను ఊదమని బలవంతపెట్టరని నిరుడు మరిది మాటల్లో విన్నాడు. అందుకే ఈ ఏడు మాల వేశాడు. ఈ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. వేసుకునేటప్పుడు భయంతోనే వేసుకున్నాడు గానీ, వేసుకున్నాక మాత్రం రోజూ మనసారా మొక్కాడట, ఇంకొన్నేళ్ళు ఈ పని చెయ్యనివ్వమని.

“మంచిగున్నదని నువ్వు చెప్పంగనే, నా బదులు అమ్మ ఊదింది అనుకున్న.”

ఆ నమ్మకం నేను తీసెయ్యాలి. ఇంకెవరో చెబితే బాగుండనిపించింది. కానీ చెప్పడానికి ఇంట్లో నేనే ఉన్నాను. మూడో విలువ, పాత చోటు, అవన్నీ వదిలేసి, నీకు ముందున్న ఒడిశా పిల్లవాడి అంకె నీకు పడింది, అంతే అని చెప్పాను. ఆయన మిగిలిన రొట్టె ముక్కను ప్లేటు అంచుకు జరిపాడు. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను.

“ఆ పిలగాడు ఏ బ్లాకుల చేస్తడు?” అని అడిగాడు.

ప్యాకింగు అన్నాను.

“ఆడనే ఉండుమను,” అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మాల వేసుకుని ఊదనివాళ్ళందరినీ ఆరోగ్య కేంద్రానికి పిలిచారు. నేను గంట పర్మిషన్ పెట్టి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మరిది ముందు ఊదాడు. సిస్టరమ్మ అంకె చూసి బాగుందని తల ఊపింది. అతను నా పక్కగా వెళుతూ నమస్కారం పెట్టాడు. రెండు రోజులకే కాంట్రాక్టరు మళ్ళీ పిలిచాడు అతన్ని.

తర్వాత మా ఆయన. సిస్టరమ్మ కొత్త కాగితం గొట్టం తీసి తగిలించింది. ఆయన షర్టు పై గుండీ విప్పుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. మొదటిసారి సగంలోనే దగ్గు వచ్చి ఆగిపోయాడు. మంచినీళ్ళిచ్చి ఇంకోసారి ఊదమంది. ఇంకోసారి ఊదాడు. మూడోసారి మెడ నరాలు తేలేదాకా ఊదాడు. గుమ్మం దగ్గర నిలబడి నేనూ ఊపిరి బిగబట్టానని తర్వాత తెలిసింది. ఈసారి సిస్టరమ్మ తల ఊపలేదు. అంకె రాసుకుని, కాసేపు కూర్చుని వెళ్ళమంది.

మధ్యాహ్నానికి ఆ అంకెలు నా బల్ల మీదికి వచ్చాయి. కొద్దిమందే కాబట్టి నేనే కొట్టాలి. మిగతావాళ్ళవి ముందు కొట్టి, ఆయనది చివరికి ఉంచాను. ఒక్కొక్క అంకే చూసుకుంటూ కొట్టి ప్రోగ్రాము నడిపాను. ఆయన టోకెన్ ఎదురుగా ‘బ్లాకు నుంచి మార్చాలి’ అని వచ్చింది.

మొదటి ప్రోగ్రాము ఏం ఇచ్చిందో చూశాను. రెండోదానికి ఏం అందిందో చూశాను. ఆయన టోకెనే, ఆయన రక్తమే, ఆయన ఊపిరే. పొడుగులు చూశాను, వరస చూశాను, చుక్క చూశాను. ఆయన ఒక్కడితో నడిపాను, అందరితో నడిపాను. అదే మాట. మేనేజరు అటుగా వచ్చి, “ఇంకా ఏం వెతుకుతున్నావమ్మా, బాగైపోయింది కదా?” అన్నాడు. బాగైపోయింది సార్ అని చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాను.